అలర్ట్ వచ్చాక మన చేతిలో టైమెంత?

(అనంతపురంలో కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్లు, నెట్‌వర్క్ టెక్నీషియన్లు, డిప్లొమా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలే ఉంచి, అక్కడక్కడా తెగిన వాక్యాలు మాత్రం అతికించాం.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాన్లు కొంచెం తగ్గించండి, మైకులో గాలి చప్పుడే వినిపిస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

మన జిల్లాలో నెట్‌వర్క్ గదుల వేడి గురించి మాట్లాడాలంటే పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. మే నెల, రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుంది. యూపీఎస్ ఉంది కాబట్టి ఇంటర్నెట్‌ని పంచే రౌటర్లూ స్విచ్‌లూ నడుస్తూనే ఉంటాయి. మరి ఏసీ? చాలా చోట్ల ఏసీకి యూపీఎస్ లైను ఇవ్వరు. అంత లోడు అది లాగలేదు. అంటే వేడి పుట్టించేవన్నీ పనిచేస్తున్నాయి, చల్లబరిచేది ఒక్కటే ఆగిపోయింది. దుమ్ము రాకూడదని తలుపులు, కిటికీలు బిగించి పెట్టాం. గది చిన్నదైతే ఇరవై నిమిషాల్లో పది డిగ్రీలు ఎక్కడం మామూలు విషయం. యూపీఎస్ మాత్రం తన పని తాను చేసినట్టే లెక్క. స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉంటాయి.

ఆ స్విచ్ లోపల టెంపరేచర్ సెన్సర్లు ఉంటాయి. వాటికి కంపెనీవాళ్లు ఫ్యాక్టరీలోనే లిమిట్లు పెట్టి పంపిస్తారు. ఒక రకం స్విచ్‌లో లోపలికి వచ్చే గాలికి, అదే ఇన్‌లెట్‌కి, 46 డిగ్రీలు పసుపు, అంటే హెచ్చరిక; 56 ఎరుపు, అంటే ప్రమాదం. అదే పెట్టెలో చిప్ పక్కనుండే సెన్సర్‌కి 105 పసుపు, 125 ఎరుపు. ఈ అంకెలు చూసి మనవాళ్లు నిశ్చింతగా ఉంటారు. "ఇంకా 38 లోనే ఉంది కదన్నా, 46 వస్తే చూద్దాం లే" అంటారు. నాకు తగాదా అక్కడే. ఆ 46 ఎవరి కోసం? పెట్టె కాలిపోకుండా కంపెనీ పెట్టుకున్న అంకె అది. మీరు అనంతపురంలో ఉన్నారనీ, పెట్టె రాయదుర్గం వైపు ఉందనీ, మధ్యలో రెండు గంటల దారి ఉందనీ ఆ కంపెనీకి తెలియదు. గది తాళం ఎవరి దగ్గరుందో అసలే తెలియదు.

భద్రాచలం దగ్గర గోదావరిని చూడండి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 43 రాగానే ఊరు మునిగిపోదు. మునగకముందే పడవలు సిద్ధం చేసుకోవడానికి, జనాన్ని ఖాళీ చేయించడానికి ఎంత టైం కావాలో చూసుకుని ఆ అంకెలు పెట్టారు. ఎగువ నుంచి వరద ఎంత వేగంగా వస్తోందో కూడా గంట గంటకూ చూస్తారు. నీళ్లు ఆ అంకె కిందికి దిగాకే హెచ్చరిక ఉపసంహరిస్తారు. మన లిమిట్లు కూడా ఇదే పద్ధతిలో పెట్టుకోవాలి. ఎంతకు చెడిపోతుంది అన్నది కంపెనీ చెప్తుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావడం మన పని.

లెక్క ఎలాగంటే, డేటా సెంటర్ల గురించి ఆష్రే అనే ఏసీ ఇంజినీర్ల సంస్థ చెప్పే సిఫారసు ఒకటుంది: యంత్రం లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మీ గది మామూలుగా 24, 25 దగ్గర ఉంటుందనుకుందాం. 30 దాటితే ఏసీకి ఏదో అయింది. అప్పుడే ఫోన్ మోగాలి, అక్కడ దగ్గర్లో ఉన్న మనిషికి. 35 దాటితే ఎవరో ఒకరు బండి తియ్యాలి. 40 అయితే అవసరం లేని సర్వర్లు ఆపెయ్యాలి. 46 నాటికి మనిషి గదిలో ఉండాలి గానీ, అప్పుడు ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉండకూడదు. ఊళ్లోనే, కాపలా మనిషి ఉన్న గదికి ఇంత ముందు నుంచి అక్కర్లేదు, 32 పెట్టినా నడుస్తుంది. కళ్యాణదుర్గం అవతల తాళం వేసిన షెల్టర్‌కి, అదే పరికరాల గదికి, 30 కూడా ఆలస్యమే కావచ్చు.

అందుకే ఒట్టి అంకెతో పాటు వేగం మీద కూడా ఒక అలర్ట్ పెట్టమంటాను. పది నిమిషాల్లో 5 డిగ్రీలు ఎక్కితే, అది 24 నుంచి 29కే అయినా సరే, మోగాలి. 29 పెద్ద అంకె కాదు. కానీ అలా ఎక్కేది ఏసీ ఆగినప్పుడే, లేకపోతే ఎవరైనా తలుపు బార్లా తెరిచిపెట్టినప్పుడు. రెండిట్లో ఏదైనా మనకు తెలియాల్సిందే.

ఏసీ లేని బయటి క్యాబినెట్లు వేరే కథ. స్తంభం పక్కన ఇనుప డబ్బా. మధ్యాహ్నం దాని లోపల 50 రోజూ వచ్చేదే. ఆ ఎండకి తట్టుకునే పరికరమే అక్కడ పెడతాం. గది కోసం పెట్టిన 35 లిమిట్‌ని దానికీ తగిలించారనుకోండి, రోజూ పదకొండింటికి మోగుతుంది, సాయంత్రం ఆరింటికి ఆగుతుంది. వారం తిరిగేసరికి ఎవరూ దాన్ని చూడరు. ఆ తర్వాత ఒకరోజు రాత్రి పదింటికి అదే అలర్ట్ వస్తుంది. రాత్రి పదింటికి ఆ డబ్బా వేడెక్కిందంటే ఫ్యాన్ పోయినట్టు. కానీ చూసే కన్ను అప్పటికే అలవాటుపడిపోయింది. ఇలాంటి చోట నిన్నా మొన్నా ఇదే గంటకి ఎంత ఉందో, దానితో పోల్చే లిమిట్ పెట్టుకోవాలి.

ఇప్పుడు అలర్ట్ వచ్చింది. దాన్ని చదవడం గురించి చెప్తాను. చాలామంది సబ్జెక్ట్ లైను చూసి వదిలేస్తారు.

సిస్కో కంపెనీ పరికరాల్లో సెన్సర్ లిమిట్ దాటితే ఒక ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ వస్తుంది, అంటే పరికరం తనంతట తాను పంపే కబురు. మీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాని మిబ్ ఫైలు, అంటే ఏ అంకెకి ఏ పేరో చెప్పే నిఘంటువు లాంటిది, ఎక్కించకపోతే అది ఒట్టి అంకెల దండలా కనిపిస్తుంది. 1.3.6.1.4.1.9.9.91 అని మొదలవుతుంది. 9 అంటే సిస్కో, 91 అంటే సెన్సర్ల మిబ్. లోపల రెండు విలువలు మాత్రమే ఉంటాయి: లిమిట్ ఎంత, సెన్సర్ ఇప్పుడు చూపిస్తున్నది ఎంత. ఏ సెన్సర్ అన్నది పేరుతో రాదు. లిమిట్ ఓఐడీ, అంటే ఆ అంకెల దండ, చివర్లో రెండు అంకెలుంటాయి, మొదటిది సెన్సర్ నంబరు, రెండోది ఆ సెన్సర్‌కున్న లిమిట్లలో ఎన్నోది అని. ఆ మొదటి నంబరు పట్టుకుని పరికరంలోని భాగాల పేర్లుండే ఎంటిటీ మిబ్‌లో పేరు అడగాలి. అప్పుడు తెలుస్తుంది, అది ఇన్‌లెట్ గాలా, పవర్ సప్లైనా, పన్నెండో పోర్టులోని ఎస్‌ఎఫ్‌పీనా (ఫైబర్ గుచ్చే చిన్న మాడ్యూల్) అని. తీవ్రత కూడా ట్రాప్‌లో రాదు. పరికరంలో ఉండే లిమిట్ల టేబుల్‌లో అడగాలి: 10 అంటే మైనర్, 20 మేజర్, 30 క్రిటికల్. లిమిట్ కంటే ఎక్కువైతే తప్పా, తక్కువైతే తప్పా అన్నదీ అదే టేబుల్‌లో ఉంటుంది. ఇది చూడకుండా "లిమిట్ మైనస్ 144, విలువ మైనస్ 151" అని వస్తే ఏం అర్థమవుతుంది చెప్పండి? అది ఫైబర్‌లో వెలుతురు రీడింగు, మైనస్ 15.1. దశాంశం ఎక్కడ పెట్టాలో ప్రెసిషన్ అనే ఇంకో విలువ చెప్తుంది. 385 అని వచ్చిందని గుండెలు బాదుకోనక్కర్లేదు, అది 38.5 డిగ్రీలు.

ఇంకో సంగతి. ఈ ట్రాప్ దాటిన ప్రతిసారీ ఒక్కసారి వస్తుంది. మళ్లీ మామూలైనప్పుడు "తగ్గింది" అని విడిగా కబురొస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు. ఇంకా దాటే ఉందా, దిగిందా అని మనమే వెళ్లి అడగాలి. దానికీ టేబుల్‌లో ఒక గడి ఉంది, అవును, కాదు అని చెప్తుంది. పైగా ట్రాప్ యూడీపీ మీద, 162వ పోర్టుకి వస్తుంది. దారిలో పోతే పోయినట్టే, అందిందో లేదో పంపినవాడికి తెలియదు. ఇన్‌ఫార్మ్ అనే రకం వాడితే రసీదు అడుగుతుంది, అది మేలు. ఏదైనా సరే, ఐదు నిమిషాలకోసారి మనం వెళ్లి విలువ తెచ్చుకునే పోలింగ్ ఆపకూడదు. పరికరం ఒక్కసారిగా చచ్చిపోతే ట్రాప్ పంపడానికి కూడా దానికి ఊపిరి ఉండదు.

సరే, చదివారు. ఇన్‌లెట్ 37. ఇప్పుడు పరిగెత్తాలా? ఆగండి. పక్క సెన్సర్‌ని అడగండి. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో దీనికంటే ఉపయోగపడిన అలవాటు ఇంకోటి లేదు. అదే ర్యాకులో, అంటే పెట్టెలు బిగించే చట్రంలో, పైన ఒక స్విచ్, కింద ఒక రౌటర్ ఉన్నాయి కదా, వాటి ఇన్‌లెట్ ఎంత? మూడూ ఎక్కుతుంటే గదికే ఏదో అయింది: ఏసీ, కరెంటు, తలుపు. మూడింట్లో ఒక్కటే ఎక్కితే ఆ పెట్టెదే తంటా. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటుంది, లేదా దాన్ని తిరగేసి బిగించి ఉంటారు. నవ్వకండి. కొన్ని స్విచ్‌లు పోర్టుల వైపు నుంచి గాలి పీలుస్తాయి, కొన్ని పోర్టుల వైపుకి వదుల్తాయి. రెండు రకాలూ ఒకే ర్యాకులో పక్కపక్కన పెడితే ఒకటి వదిలిన వేడి గాలినే ఇంకోటి పీలుస్తుంది. ఎన్ని ఏసీలు పెట్టినా దానికి తగ్గదు.

ఇన్‌లెట్ మామూలుగా ఉండి, చిప్ దగ్గర మాత్రమే ఎక్కితే లోపల గాలి సరిగా ఆడట్లేదని. తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గరున్న సైట్లలో ఇది ఎక్కువ. ఆ తెల్లటి పొడి పిండిలా ఉంటుంది, ఫిల్టర్‌కి అతుక్కుని చెమ్మ తగిలితే గట్టిపడుతుంది. ఊదితే పోదు. అక్కడ ఫిల్టర్ మార్చే గడువు కంపెనీ పుస్తకంలో చూసి పెట్టుకుంటే కుదరదు.

సెన్సరే అబద్ధం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. 38 ఉన్నది ఒక్క రీడింగులో 127కి పోయి, మళ్లీ 38కి వచ్చిందంటే అది వేడి కాదు, చదవడంలో పొరపాటు. లోహం అంత తొందరగా వేడెక్కదు, అంత తొందరగా చల్లారదు. 127, 255, సున్నా ఇలాంటి అంకెలు కనిపిస్తే ముందు సెన్సర్‌నే అనుమానించండి. అందుకే వరసగా రెండు మూడు రీడింగులు దాటాకే మోగేలా పెడతారు. వోల్టేజీకి మాత్రం అంత ఓపిక పట్టొద్దు.

ఇప్పుడు ఫైబర్. ఇక్కడ ఆపరేటర్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి దీని మీద కాస్త నిలబడతాను.

ఎస్‌ఎఫ్‌పీ లోపల ఐదు రీడింగులుంటాయి: టెంపరేచర్, వోల్టేజీ, లేజర్‌కి వెళ్లే బయాస్ కరెంట్, పంపే వెలుతురు, అందుకునే వెలుతురు. ఒక్కోదానికి నాలుగు లిమిట్లు, పైన రెండు, కింద రెండు. మనకు ఎక్కువగా వచ్చేది అందుకునే వెలుతురు తగ్గిందన్న అలర్ట్. ఇది డీబీఎంలో ఉంటుంది. సున్నా అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 3 అంటే అందులో సగం, మైనస్ 10 అంటే పదో వంతు, మైనస్ 20 అంటే వందో వంతు. పది గిగాబిట్ల ఎల్ఆర్ మాడ్యూల్‌కి, అదే పది కిలోమీటర్లది, కనీసం మైనస్ 14.4 అందాలని ప్రమాణం. మీ లింకు ఏడాది పొడుగునా మైనస్ 6 దగ్గర ఉండి, ఇవాళ మైనస్ 12.8కి పడిందనుకోండి. లిమిట్ దాటలేదు, అలర్ట్ రాలేదు, ఇంటర్నెట్ నడుస్తోంది. కానీ వెలుతురు ఐదో వంతుకి పడిపోయింది! అది రేపు ఇంకా పడుతుంది. అందుకని ఫ్యాక్టరీ లిమిట్‌తో పాటు, లింకు వేసిన రోజు రీడింగు రాసిపెట్టుకుని, దాని మీద 3 డీబీ తగ్గితే మోగేలా ఇంకోటి పెట్టుకోండి.

మోగిందా, మళ్లీ పక్కవాణ్ణి అడగండి. ఇక్కడ పక్కవాడంటే అవతలి చివర. అనంతపురంలో అందే వెలుతురు తగ్గింది, గుంతకల్లులో పంపే వెలుతురు ఎంత? అది మామూలుగా ఉంటే లోపం దారిలో. అదే తగ్గి ఉంటే గుంతకల్లు ఎస్‌ఎఫ్‌పీలో. దాని బయాస్ కరెంట్ నెలల తరబడి ఎక్కుతూ వస్తుంటే లేజర్ ముసలిదైంది, అదే వెలుతురు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు తాగుతోంది. వాడకం ఆగకముందే మార్చెయ్యచ్చు. ఇంకోటి చూడండి: రెండు దిక్కులా ఒకేసారి తగ్గిందా, ఒక దిక్కే తగ్గిందా? ఒక దిక్కే అయితే ఆ ఒక్క పోగు, చాలాసార్లు ప్యాచ్ కార్డు (పెట్టెకి గుచ్చే పొట్టి ఫైబర్ తీగ) కొస. రెండూ ఒకేసారి పడితే కేబులుకే ఏదో జరిగింది. రోడ్డు పని చేసే జేసీబీ ఎక్కడుందో కనుక్కోండి.

కొస మురికి అయితే తుడవాలి, దానికి పెన్నులాంటి క్లీనర్ దొరుకుతుంది. చొక్కా అంచుతో తుడిచేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. చెమట, నూనె, దూది పోగులు, అన్నీ దాని మీదికే ఎక్కుతాయి. తుడవక ముందు మైనస్ 12 ఉన్నది, తుడిచాక మైనస్ 15 అయిందని ఆశ్చర్యపోతారు. కొసలోకి కంటితో తొంగి చూడొద్దు, ఆ వెలుతురు కంటికి కనపడదు, కంటిని పాడు మాత్రం చేస్తుంది. కొస శుభ్రంగానే ఉండి తగ్గితే, ఎక్కడో కేబులు వంగి ఉండచ్చు. వంపులో 1310 కంటే 1550 నానోమీటర్ల వెలుతురు ఎక్కువ పోతుంది. ఫైబర్‌లో వెలుతురు ఎక్కడ పోతోందో చూపించే ఓటీడీఆర్ మీటరుతో రెండింట్లోనూ కొలిచి చూస్తే వంపో అతుకో తేలిపోతుంది.

మైనస్ 40 చూపిస్తే అసలు వెలుతురే లేదని. అది చూసి టెన్షన్ పడే ముందు అవతల ఎవరైనా పోర్టు షట్‌డౌన్ చేశారేమో చూడండి. వాడని పోర్టులో ఎస్‌ఎఫ్‌పీ గుచ్చి వదిలేసినా అలర్ట్ వస్తూనే ఉంటుంది. వాడకపోతే పీకెయ్యండి, లేదా ఆ ఒక్క లిమిట్‌కి నోటిఫికేషన్ ఆపండి. సిస్కో మిబ్‌లో లిమిట్ లిమిట్‌కీ విడిగా ఆపే వీలుంది. మొత్తం పరికరాన్ని మ్యూట్ చెయ్యడం మాత్రం వద్దు.

ఫ్యాన్లు, పవర్ సప్లైల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు పవర్ సప్లైల్లో ఒకటి పోతే ఏమీ ఆగదు, అందుకే ఎవరూ కదలరు. రెండోది పోయే వరకు మీకున్న టైమే మీ టైం. రెండూ ఒకే ఎంసీబీ మీద ఉన్నాయేమో ఒకసారి వెళ్లి చూడండి, అంతే.

బ్యాటరీలు మాత్రం ముఖ్యం. 48 వోల్టుల బ్యాంకులో రెండేసి వోల్టుల సెల్లులు 24. ఛార్జరు ఉన్నప్పుడు దాదాపు 54 చూపిస్తుంది. కరెంటు పోగానే 50 దగ్గరికి చటుక్కున పడుతుంది, అది భయపడాల్సింది కాదు. తర్వాత చాలాసేపు మెల్లగా దిగుతుంది. 46 దాటాక మాత్రం జారుడే. 43 దగ్గర, బ్యాటరీ పూర్తిగా పాడవకూడదని సిస్టం దానంతటదే లోడు తెంపేస్తుంది. కాబట్టి 46కి అలర్ట్ పెట్టుకుని డీజిల్ జనరేటర్ వెతుక్కుంటే చేరేలోపు సైటు పడిపోతుంది. 48.5 దగ్గరో, అసలు కరెంటు పోయిన అలర్ట్ మీదో కదలాలి. మన ఎండకి బ్యాటరీలు త్వరగా చస్తాయి కూడా. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. నాలుగు గంటలు ఇస్తుందని మూడేళ్ల కింద రాసుకున్న కాగితం నమ్మకండి, ఒకసారి నిజంగా లోడు మీద పెట్టి ఎంతసేపు నిలుస్తుందో కొలవండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు చెప్పండన్నా.

(సభలో ఒకరు: రాత్రంతా ఒకటే అలర్ట్ వస్తుంది, పోతుంది సార్. 35, 34.9, 35.1 అలా. ఫోన్ పక్కన పెట్టుకుని పడుకోలేకపోతున్నాం. లిమిట్ 40 చేసేద్దామా?)

40 చేస్తే మీకు నిద్ర పడుతుంది, నిజమే. కానీ ఆ ఐదు డిగ్రీలు మీ ప్రయాణం టైములోంచే పోతాయి. అలా కాకుండా ఎక్కే అంకె ఒకటి, దిగే అంకె ఒకటి పెట్టండి. 35 దాటితే మోగాలి, 32కి దిగితేనే ఆ అలర్ట్ మూతపడాలి. మధ్యలో ఎంత ఊగినా రెండోసారి మోగదు. నెట్‌వర్క్‌ని గమనించడానికి పెట్టిన ఆర్‌మాన్ అనే పాత ప్రమాణంలోనే ఈ రెండంకెల పద్ధతి ఉంది, కొత్తదేం కాదు. ఇప్పటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉంటుంది. అది పెట్టాక కూడా రాత్రి 35 దగ్గరే ఊగుతోందంటే, అన్నా, బయట చల్లబడ్డాక కూడా మీ గది 35లో ఎందుకుంది? ఏసీలో గ్యాస్ చూపించండి.

(వెనక నుంచి ఒక అమ్మాయి: అలర్ట్ ఎవరికి పోవాలి సార్? మా దగ్గర వాట్సాప్ గ్రూపులో పడుతుంది, అందరూ చూస్తారు.)

అందరూ చూస్తారు, ఎవరూ పోరు. అంతేనామ్మా? మైనర్ అయితే గ్రూపులో పడనివ్వండి, పొద్దున చూసుకుంటారు. మేజర్, క్రిటికల్ మాత్రం ఆ రోజు డ్యూటీలో ఉన్న ఒక్కరి ఫోన్‌కే పోవాలి. "చూశాను" అని ఆ మనిషి నొక్కకపోతే పది నిమిషాలకు పైవారికి పోవాలి. అలర్ట్ మెసేజ్‌లోనే మూడు విషయాలు ఉంటే ఇంకా మంచిది: సైటు పేరు, తాళం ఎవరి దగ్గరుంది, అక్కడి లైన్‌మన్ నంబరు. అర్ధరాత్రి వాటి కోసం వెతకడానికే అరగంట పోతుంది.

(ముందు వరస నుంచి: ప్లాన్డ్ షట్‌డౌన్ ఉన్నరోజు అన్నీ మోగుతాయి కద సార్, ఆ రోజు ఆఫ్ చెయ్యచ్చా?)

కరెంటు పోయిందన్న అలర్ట్ ఆ గంటల వరకు ఆపుకోవచ్చు, పోతుందని ముందే తెలుసు కదా. దానికి మెయింటెనెన్స్ విండో పెట్టండి, ఎన్నింటికి ముగుస్తుందో కూడా అందులోనే రాయండి, లేకపోతే మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోతారు. టెంపరేచర్, బ్యాటరీ వోల్టేజీ మాత్రం ఆపొద్దు. షట్‌డౌన్ రోజే గదికి ఏసీ ఉండదు, పదింటి నుంచి నాలుగింటి దాకా. ఆ రోజు వీలైతే ఒక మనిషిని సైటులోనే కూర్చోబెట్టండి, తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుంటాడు. భోజనం మాత్రం మీరే పంపించాలి.